బూడిద తెగులు అంటిన చెయ్యి

శుక్రవారం రాత్రి, ఆల్థాన్‌లో నా గది

మధ్యాహ్నం ల్యాబ్‌లో అడవి బార్లీ మొలకల మీద బూడిద తెగులు పొడి రాలుస్తున్నాను, ఏ మొక్క తట్టుకుంటుందో చూద్దామని. ఒక్కో బల్లకు ఒక్కో రకం తెగులు. అవి కలవకూడదు కాబట్టి గదిలో గాలి ఆడకూడదు. ఏసీ కూడా ఆపి నేను చెమటలు కక్కుతుంటే అటెండర్ కొమురయ్య ఫ్యాన్ వేశాడు. అంతా కలిసిపోయింది. ఏడాది కష్టం!

మట్టికుండీ ఎత్తి ఫ్యాన్‌కేసి కొట్టాను. పెంకులు ఎగిరాయి.

“గింత ఉక్కల చస్తున్నరని వేసిన మేడం!”

నాన్న వయసు మనిషిని చాచి కొట్టాను. ఆ చెంప మీద నా ఐదు వేళ్లూ తెగులు పొడితో తెల్లగా తేలాయి. తుడుచుకోలేదు. వంగి పెంకులు ఏరుతూ తలెత్తాడు.

“నీ ఎడమ చెయ్యి తెగింది, జర చూస్కో బిడ్డా.”

ఇంకా కట్టు కట్టుకోలేదు. నెత్తురు కారనీ...