సీనరీ దగ్గర ఆగే వ్యాన్

జూన్ 18

మా ఆయన స్కూలు వ్యాన్ ఈరోజూ లేటు. ఎందుకని అడిగితే చెరువు దగ్గర ఆపానని, అక్కడ సీనరీ బాగుంటుందని అన్నారు. పెళ్లయిన కొత్తలో కొండల మీదికి తీసుకెళ్తే దారంతా నోరు తెరుచుకుని నిద్రపోయిన మనిషి. ఇప్పుడు సీనరీ కావలసి వచ్చిందా?

జూన్ 20

ఇంగ్లిష్ టీచర్ ఈ నెల నుంచి మా వ్యాన్‌లోనే వెళ్తోందట. ముందు సీటట. పాప చెప్పింది.

జూన్ 23, సాయంత్రం

పాపకి హోంవర్క్. సీనరీ అంటే అర్థం చెప్పి, సొంతంగా ఒక వాక్యం రాయాలి. ఒక్క చెట్టో, ఒక్క కొండో సీనరీ కాదట. చుట్టూ కంటికి ఇంపుగా కనిపించేదంతా కలిపి సీనరీ అని టీచర్ చెప్పిందట. పాప వాక్యం రెడీ. మా నాన్న రోజూ సీనరీ కోసం వ్యాన్ ఆపుతారు.

నాకు ఒళ్లు మండింది. ఆపి ఏం చేస్తారని మెల్లగా కూపీ లాగాను. పిల్లలందరూ కిటికీల్లోంచి చూసి, ఏమేం కనిపిస్తున్నాయో గట్టిగా చెప్పాలట. ఎక్కువ చెప్పినవాళ్లకి చాక్లెట్. అంటే పిల్లల ముఖాలు బయటికి తిప్పేసి ముందు సీట్లో ఏదో నడుపుతున్నారన్నమాట. ఎంత తెలివి.

జూన్ 24

చొక్కా వాసన చూశాను. డీజిల్.

జూన్ 26

పాప స్కూల్లో పని ఉందని వంక పెట్టి వ్యాన్ ఎక్కాను. సరిగ్గా ఆయన వెనకే కూర్చున్నాను. ఆయన ముఖం వాడిపోయింది. దొంగ దొరికాడనుకున్నాను.

చెరువు దగ్గర ఆపారు. పిల్లలు కిటికీల మీద పడి కొంగలని, పడవని, స్కూటర్ కడుగుతున్న మనిషని ఒకటే గోల. టీచర్ ఫోన్లోంచి తలెత్తలేదు. ఆయన స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, కళ్లు బార్లా తెరిచి కూర్చున్నారు. ముందుకి వంగి ఆ కళ్ల ముందు చెయ్యి ఆడించాను. రెప్ప వెయ్యలేదు.

కాసేపటికి, సరే, నాకూ కనిపించింది, పోదాం అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను పాపని ఒళ్లోకి లాక్కున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం

నిలదీశాను. కళ్లు మసకేసి, కాసేపు మొత్తం చీకటైపోతుందట. మసక మొదలవగానే పక్కకి ఆపేస్తారట. ఎవరికీ చెప్పొద్దు, వ్యాన్ పోతే మనం ఏం తింటామని నా చెయ్యి పట్టుకున్నారు. సాయంత్రం ట్రిప్పుకి వేరే డ్రైవర్‌ని పంపించాను.

ఆ టీచరే అయినా బాగుండేది. జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. ఇప్పుడు ఎవరి జుట్టు పట్టుకోను?

జూన్ 28

మందుల షాపులో ఏవో చుక్కలు తెచ్చి వేసుకుంటున్నారు. పూర్తిగా తగ్గిపోయిందట. రేపు వ్యాన్ తీస్తారట. నమ్మాలని ఉంది.

జూన్ 29, ఉదయం ఏడు

వ్యాన్ తాళం బల్ల మధ్యలో పెట్టి, ఎదురుగా నిలబడ్డాను. ఆయన బల్లంతా తడుముతున్నారు.

స్కూలుకి ఫోన్ చేశాను.