గాసి తోటలో తగ్గిన మొక్కలు

అరకు దగ్గర,
12 ఆగస్టు 2003

సుజానా,

అమ్మమ్మ దీవెనలు. కాఫీ రాయితీల సెక్షన్‌లో గుమాస్తావి కనుక, మా ఊరి రైతు గాసి మీద వచ్చిన సంతకం లేని అర్జీ నువ్వు చూసే ఉంటావు. దాని వల్ల అతని మూడో ఏటి డబ్బు ఆగిపోయిందని విన్నాను. ఆ అర్జీ రాసింది నేనే.

రెండేళ్ల కిందట వాడికి రాయితీ దరఖాస్తు రాసిపెట్టిందీ నేనే. ప్రభుత్వం ఎనిమిది వందల మొక్కలు ఇచ్చింది. బతికిన మొక్కలను బట్టి ఏటా డబ్బు. జూన్‌లో చర్చికి వెళ్తూ వాడి తోటలో ఆగి లెక్కపెట్టాను. ఐదు వందల అరవై. మిగతా గోతుల్లో పసుపు వేశాడు. ఎండిన మొక్క ఒక్కటీ కనబడలేదు. అమ్ముకున్నాడనుకున్నాను. నా చేత్తో రాసిన కాగితం అబద్ధమైందని కడుపు మండింది. కానీ వాడు నా దగ్గర ఐదో తరగతి దాకా చదివినవాడు. వాడి ముఖం చూడలేక అర్జీ కింద నా పేరు పెట్టలేదు.

ఇప్పుడు ఒక సంగతి తొలుస్తోంది. అమ్మినవాడి ఇంట్లో కొత్తది ఏదో ఒకటి ఉండాలి కదా. వాడు కారే పైకప్పు రేకు కూడా మార్చలేదు. మరి రెండు వందల నలభై మొక్కలు ఎక్కడికి పోయాయి? వెళ్లి అడుగుతాను.

మీ అమ్మమ్మ,
మగ్దలేనమ్మ


19 ఆగస్టు 2003

సుజానా,

మొక్కలు దొరికాయి. గాసి భార్య కనకను సూటిగానే అడిగాను. నవ్వింది.

"అమ్ముతామేటి టీచరమ్మా? గోతులు తవ్వడానికి ఇరవైనాలుగు ఇళ్లోళ్లు వచ్చినారు. సోళ్లు జల్లినప్పుడు సాయానికొచ్చినోళ్లు గింజలు అట్టుకెళ్లరా? అలాగే ఇంటికి పది మొక్కలు ఇచ్చినాం."

"గోతులకు ప్రభుత్వం కూలి ఇచ్చింది కదా?"

"సుట్టాలకి కూలిత్తే ఊళ్లో తలెత్తుకుంటామా? ఆ డబ్బులతో మేకని కోసి బువ్వ పెట్టినాం."

ముప్పై రెండేళ్లు ఈ ఊళ్లో పాఠాలు చెప్పాను. చోళ్లు, అదే రాగులు, జల్లిన రోజు గింజలు పట్టుకెళ్లడం ఏటా చూశాను. కాఫీకీ అదే పద్ధతి అవుతుందని తోచలేదు. ఇరవైనాలుగు పెరళ్లూ తిరిగాను. రెండు వందల ముప్పై ఏడు బతికాయి. మూడింటిని మేకలు తిన్నాయట.

తర్వాత గాసి ఎదుట నిలబడి, ఆ అర్జీ నాదేనని చెప్పాను.

"తెల్సు. ఆఫీసోళ్లు సూపించినారు. మీ రాత నాకు తెలీదేటి?"

"మరి నన్ను ఎందుకు అడగలేదురా?"

"ఏటని అడగను? తోటలో ఐదొందల అరవయ్యే ఉన్నాయి. మీ లెక్క తప్పు కాదు కదా."

కనక అందుకుంది. "ఒక్క కాగితంతో ఆపినారు టీచరమ్మా. ఇప్పుడు ఇంటికో కాగితం రాసి ఇప్పించండి."

న్యాయమే. గాసి దగ్గర పది మొక్కలు తీసుకున్నాం, ఇన్ని బతికాయి, వచ్చి చూసుకోండి అని ఇంటికొకటి రాస్తున్నాను. పదిహేడు అయ్యాయి. రూలు ఒప్పుతుందో లేదో మీ ఆఫీసరు చెప్పాలి. నువ్వు మాత్రం ఈ ఫైలు ముట్టుకోకు, నా మనవరాలివి. వేరే ఎవరినైనా పంపమను, పెరళ్లన్నీ నేనే తిప్పి చూపిస్తాను. వాళ్ల వేలిముద్రల కింద 'రాసినవారు' అన్న చోట ప్రతిసారీ నా పేరు పూర్తిగా రాస్తున్నాను. గాసి పక్కనే కూర్చుని చూస్తున్నాడు.

మీ అమ్మమ్మ,
మగ్దలేనమ్మ