అక్కకి చెప్పకండి

జూన్ 4

మావారికి ఛాతీలో మంట మొదలై నెల కావస్తోందట. నాకు ఈరోజే తెలిసింది. అదీ ఆయన చెబితే కాదు. హాల్లో నిలబడి వాళ్లక్కకి ఫోన్‌లో చెబుతుంటే వంటింటి గోడ ఇవతల నుంచి విన్నాను.

రోజూ ఇదే తంతు. డ్యూటీ నుంచి రాగానే, బూట్లు కూడా విప్పకుండా అక్కకి ఫోన్. ఏం తిన్నాడో, నిద్ర పట్టిందో లేదో, ఏ బిల్డింగులో లిఫ్టు మొరాయిస్తే ఎలా బాగుచేశాడో, అన్నీ అక్కకే. నేను అడిగితే మాత్రం బానే ఉంది అంటాడు. పక్కన పడుకునేది నేను, రిపోర్టు వెళ్లేది ఇంకో ఊళ్లో ఉన్న మా వదినకి.

వదిన డాక్టరు. పిల్లల డాక్టరు. ఆ సంగతి గుర్తు చేస్తే ఈయనకి కోపం. డాక్టరంటే డాక్టరే అంటాడు, నలభై ఆరేళ్ల పిల్లవాడు.

పరగడుపున వేసుకోమని ఏదో మాత్ర చెప్పిందట. రాత్రి తిన్న వెంటనే పడుకోవద్దని కూడా అందట. ఆ మాట నేను ఎన్నేళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను! నేనంటే సణుగుడు. ఆవిడంటే వైద్యం.

జూన్ 5

మాత్ర కోసం అలారం పెట్టుకున్నాడు. మా పెళ్లిరోజుకి ఎప్పుడైనా పెట్టుకున్నాడా?

జూన్ 9

డ్రైవింగ్ స్కూల్లో నాకు కొత్త స్టూడెంట్‌ని అప్పగించారు. రిటైరైన లెక్చరరు. కారెక్కిన కాసేపటికే మనసులో ఆయనకి వీడియోగారు అని పేరు పెట్టేశాను. క్లచ్ ఎప్పుడు వదలాలో, మలుపులో స్టీరింగు ఎంత తిప్పాలో అన్నీ ఫోన్‌లో చూసి వచ్చారు. నేనేం చెప్పినా వీడియోలో అలా లేదండీ అంటారు.

పదమూడేళ్లుగా నేను ఆ పక్క సీట్లో కూర్చుంటున్నాను. నా కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ఇవాళ అది తొక్కబట్టి ఒక పాలవ్యాను బతికిపోయింది. మీ వీడియోలో ఈ బ్రేకు ఉందా సార్ అని అడిగాను. ఆయన నవ్వలేదు.

నాలుగు క్లిప్పులు చూసి వచ్చి మనకే పాఠాలు చెప్పేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

భోజనాలయ్యాక ఫోన్ తీసి ఛాతీలో మంట గురించి వెతికాను. అబ్బో, వదిన చెప్పనివి ఎన్ని ఉన్నాయో!

జూన్ 12

ఒక గ్రూపు దొరికింది. అందరూ మంట ఉన్నవాళ్లు, లేకపోతే వాళ్ల పెళ్లాలు. ఒకావిడ అతిమధురం వేరు నలగ్గొట్టి, మరిగించి ఇచ్చిందట. వాళ్లాయన మాత్రలన్నీ చెత్తబుట్టలో వేశాడట. ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లివ్వాలి అని ఎవరో అడిగారు. ఆవిడ పువ్వు బొమ్మ పెట్టి ఊరుకుంది.

మూలికల కొట్టుకి వెళ్లి ఒక సంచీడు తెచ్చాను.

జూన్ 13

తాగాడు! తియ్యగా ఉంది, బాగుంది అన్నాడు.

ఖాళీ గ్లాసు అందుకుంటూ అన్నాను, ఇది మీ అక్కకి చెప్పకండి అని. ఎందుకన్నాడు. నవ్వుతుంది, ఫోన్ డాక్టరమ్మ అని పేరు పెడుతుంది, నాకు తల కొట్టేసినట్టుంటుంది అన్నాను. సరేనన్నాడు. ఒట్టేనా అన్నాను. ఒట్టే అన్నాడు.

సాయంత్రం ఆయన ఫోన్ మాట్లాడుతుంటే గిన్నెలు కడగడం ఆపేసి మరీ విన్నాను. పాడైన లిఫ్టు గురించి చెప్పాడు, జుట్టు ఊడుతోందని చెప్పాడు, పక్కింటి కుక్క సంగతి చెప్పాడు. కషాయం మాట ఎత్తలేదు.

పెళ్లయిన ఇన్నేళ్లలో, ఆయనకీ నాకూ తెలిసి, వాళ్లక్కకి తెలియనిది ఇదొక్కటే. పడుకోబోయే ముందు ఇంకో గ్లాసు ఇచ్చాను.

జూన్ 27

మంట పూర్తిగా పోయింది.

అక్కకి ఫోన్ చేసి, నీ మాత్ర మంత్రంలా పనిచేసిందే అన్నాడు.

నేను మూకుడు కింద పడేసిన చప్పుడు వదిన ఊరిదాకా వినిపించే ఉంటుంది. తర్వాత వచ్చి, అలా అనకపోతే అక్కకి అనుమానం వస్తుంది కదా అన్నాడు. ఆయనది అసిడిటీ, తగ్గింది. నాది తగ్గే రకం కాదు.

జూన్ 28

రేపట్నుంచి మూడు గ్లాసులు. ఎవరి మందు పనిచేసిందో చూద్దాం.

జూలై 10

వీడియోగారు లైసెన్సు టెస్టు పాసయ్యారు. అందరికీ చాక్లెట్లు పంచారు. వీడియోలు బాగా ఉపయోగపడ్డాయట. నోట్లో చాక్లెట్టు ఉంది కాబట్టి నేనేమీ అనలేదు.

జూలై 19

సాక్సు విప్పితే ఆయన కాళ్ల మీద లోతుగా గీతలు పడ్డాయి. పాదం ఉబ్బింది. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. రెండు రోజులుగా తలనొప్పి కూడా ఉందట.

ఈసారి ముందు నాకే చెప్పాడు. అది రాసుకోవడానికే డైరీ తీశాను. సిగ్గులేనిదాన్ని.

జూలై 24

వదిన చూపించుకోమంటే బీపీ చూపించుకున్నాడు. చాలా ఎక్కువుంది. దగ్గర్లో ఎవరైనా పెద్ద డాక్టరుని కలవమందట. లీవు దొరకదని ఈయన నసిగాడు.

ఫోన్‌లో ఆవిడ ఇంకేదో అడిగింది. కొత్తగా ఏమైనా వాడుతున్నావా, పొడులూ కషాయాలూ అని అడిగి ఉంటుంది. ఎందుకంటే ఈయన ఒక్క నిమిషం ఆగి, అవేమీ లేవక్కా అన్నాడు.

ఆ మాట విని నాకు కడుపు నిండిపోయింది.

ఆగస్టు 2

పిక్కలు పట్టేస్తున్నాయి. నాలుగు మెట్లెక్కి కూర్చుండిపోతున్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి లిఫ్టు లేకపోతే ఇల్లు చేరలేకపోతున్నాడు.

పొద్దుట్నుంచీ ఫోన్‌లోనే ఉన్నాను. కిడ్నీలు, గుండె, నరాలు. ఒకదాని తర్వాత ఒకటి పేజీలు తెరుస్తూనే ఉన్నాను. చివరికి దొరికింది. వదిన చెప్పిన మాత్ర చాలాకాలం వాడితే ఒంట్లో మెగ్నీషియం తగ్గుతుందట, పిక్కలు పట్టేస్తాయట. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ మాత్ర వల్లే కావాలి అనుకున్నాను. ఆయన నొప్పికి బాధపడే ముందే అది కోరుకున్నాను. ఈ మాట ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను.

వెంటనే వదినకి ఫోన్ చేసి చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నది. అది అరుదుగా, ఏళ్ల తరబడి వాడేవాళ్లలో వచ్చేది, వాడు మొదలుపెట్టి రెండు నెలలేగా అంది. పేజీలో స్పష్టంగా రాసుంది వదినా అన్నాను. పేజీకి కాదమ్మా జబ్బు, మనవాడికి, రేపే రక్తపరీక్ష చేయించు, ఆలస్యం చెయ్యకు అంది. ఎంత నెమ్మదిగా చెప్పిందో! ఆ నెమ్మదే నాకు పడదు. నేను కూడా వీడియోగారికి అంత నెమ్మదిగా ఎప్పుడూ చెప్పలేదు.

మాత్రలు మాన్పించేశాను. రక్తపరీక్ష సంగతి ఆయనకి చెప్పలేదు. మాత్రలు మానేశాక తగ్గిపోతే, అప్పుడు చేయిస్తాను పరీక్ష. అప్పుడు వదినకి పంపిస్తాను రిపోర్టు.

ఆగస్టు 6

మంట మళ్లీ మొదలైంది. కషాయం ఇంకా చిక్కగా కాస్తున్నాను.

ఆగస్టు 11

కొత్త స్టూడెంట్ కారు నడుపుతోంది. మావారి తోటి మెకానిక్ దగ్గర్నుంచి ఫోన్. లిఫ్టు కింద గుంతలోంచి నిచ్చెనెక్కి పైకి వస్తుంటే మావారి కాళ్లు పట్టు తప్పాయట. నడుముకున్న బెల్టు పట్టుకుని తను లాగాడు కాబట్టి సరిపోయిందట. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కారు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనక హారన్లు. ఆ అమ్మాయి నేనేం తప్పు చేశాను మేడమ్ అని ఏడుపు.

ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాం. ఒంట్లో పొటాషియం బాగా పడిపోయిందట. గుండె కొట్టుకోవడంలో కూడా తేడా ఉందట. ఛాతీ నిండా వైర్లు.

ఆగస్టు 12, ఉదయం

వదిన వచ్చింది. క్లినిక్ నుంచి నేరుగా బయల్దేరినట్టుంది. మెళ్లో స్టెతస్కోపు, దానికి పిల్లల కోసం తగిలించిన చిన్న ఎలుగుబంటి బొమ్మ. మంచం మీద కూర్చుని తమ్ముడి చెయ్యి పట్టుకుంది. నిజం చెప్పరా, ఏమైనా తాగుతున్నావా అని అడిగింది.

ఆయన నావైపు చూశాడు. లేదక్కా అన్నాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, మాట సరిగ్గా రావడం లేదు, అయినా లేదనే అన్నాడు.

ముందు నాకు సంతోషమేసింది. అవును. నావైపు నిలబడ్డాడని.

తర్వాత వదినా, అక్కడి డాక్టరూ నాకర్థంకాని మాటల్లో మాట్లాడుకున్నారు. పొటాషియం ఎటు పోతోందో తేలడం లేదట. కిడ్నీల పైన ఏదైనా గడ్డ ఉందేమో చూడాలట. స్కాన్‌కి రాశారు. వాళ్లు ఆయన ఒళ్లంతా వెతుకుతున్నారు, అది నా వంటింట్లో డబ్బాలో ఉంది.

కారిడార్‌లోకి వచ్చి ఫోన్ తీశాను. ఇన్నాళ్లూ నేను వెతకనిది లేదు. వదిన మాత్రల గురించి వెతికాను, ఆవిడ చదివిన కాలేజీ ఎలాంటిదో కూడా వెతికాను. నేనిచ్చే వేరు గురించి ఒక్కసారీ వెతకలేదు. అతిమధురం, పొటాషియం అని కొట్టాను. మొదటి పేజీలోనే ఉంది. కాళ్ల వాపు, తలనొప్పి, బీపీ, కండరాల నీరసం, గుండె. మా ఇంట్లో జరిగిన వరసలోనే ఉన్నాయి.

అదే రోజు, మధ్యాహ్నం

చెప్పేశాను. మెట్ల దగ్గర నిలబెట్టి అంతా చెప్పాను. వదిన ముందు ఎన్ని గ్లాసులు, ఎప్పట్నుంచి, ఎంత చిక్కగా అని అడిగింది. విని పరుగులాంటి నడకతో వార్డులోకి వెళ్లింది. స్కాన్ ఆపించారు. కషాయం మానేస్తే, పొటాషియం ఎక్కిస్తే నెమ్మదిగా సర్దుకుంటుందట. ప్రాణానికి భయం లేదట.

మళ్లీ వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. రక్తపరీక్ష సంగతి ఆయనకి చెప్పనేలేదని అప్పుడు చెప్పాను. చెంప పగలగొట్టినా పడేదాన్ని. ఆవిడ ఎలుగుబంటి బొమ్మని వేళ్లతో నలుపుతూ కూర్చుంది. తలెత్తకుండానే, నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ లేదన్నాడు అంది. చిన్నప్పుడు అద్దం పగలగొట్టినా ముందు నా దగ్గరికే పరిగెత్తుకొచ్చి చెప్పేవాడంది. వాడు నాతో అబద్ధం ఆడటం ఇదే మొదటిసారంది.

అప్పుడు నావైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. రోజూ సాయంత్రం వంటింటి గోడ ఇవతల నిలబడి వింటూ నేను చూసే చూపు అదే.

ఆగస్టు 14

ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి నోరు విప్పి, చెప్పద్దని ఒట్టు పెట్టించుకున్నదీ నువ్వే, చెప్పేసిందీ నువ్వే, అక్క ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు అన్నాడు. ప్రాణం దక్కింది కదండీ అన్నాను. అది వేరే సంగతి అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆగస్టు 21

ఇంటికొచ్చాం. వేర్ల సంచీ పారేశాను. జరిగిందంతా గ్రూపులో రాశాను. ఆ అతిమధురం ఆవిడ పువ్వు బొమ్మ పెట్టింది.

సెప్టెంబరు 3

వదిన ఫోన్ చేసింది. ఆయన చెయ్యి చాపాడు. మోగింది నా ఫోన్. తీసుకుని వంటింట్లోకి వెళ్లాను.

వాపు తగ్గిందా, రిపోర్టులు వచ్చాయా అని అడిగింది. చివర్లో గొంతు తగ్గించింది. కొన్నాళ్లుగా తనకి ఎడమచెయ్యి తిమ్మిరెక్కుతోందట. ఏ డాక్టరుకీ చూపించుకోలేదట. భయమేసి, ఫోన్‌లో ఏవేవో వెతికి చదువుతోందట. వాడికి మాత్రం చెప్పకు అంది.

ఎంత తియ్యగా ఉందో ఆ మాట.

ఫోన్ పెట్టి తిరిగి చూస్తే ఆయన వంటింటి గోడ అవతల నిలబడి ఉన్నాడు. ఏమంది అని అడిగాడు. ఏం లేదు అనబోయాను. నా కుడికాలు నేలని గట్టిగా తొక్కింది.

కూర్చోండి, చెబుతాను అన్నాను.