బుజ్జిదాని మేకుకి నీలం ఫొటో

ఫ్రేములతను మధ్యాహ్నం వస్తాడు. మూడు ఫొటోలూ హాల్లోనే పెట్టించండి. ఇదివరకు బుజ్జిదాని ఫొటో ఉన్న మేకుకి నీలంది తగిలించమనండి. వెనక బాణం గుర్తు వేశాను, అది పైకి ఉండాలి. కూర పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తినండి. నిన్నటిలా పస్తుండకండి.

ఇంటికొచ్చినవాళ్ళంతా పిల్ల ఫొటో చూసి అయ్యో పాపం అంటుంటే తట్టుకోలేకపోతున్నానన్నారు. సరే, తీసేశాను. అది పోయి నెల తిరక్కుండానే, నాతో ఒక్క మాటైనా అనకుండా దాని సామానంతా ఓ పెట్టెలో పెట్టి అటకెక్కించారు. కానీ ఆ పెట్టె మొన్న నేనే దింపాను. దాని దువ్వెన పళ్ళు, చెప్పు అడుగు, నీళ్ళసీసా మూత, అన్నీ బాగా దగ్గర్నుంచి ఫొటోలు తీశాను. ఏ వస్తువో ఎవరూ పోల్చుకోలేరు. మీ అక్కయ్య అడిగితే ఏదో మోడరన్ ఆర్టట అనేయండి. ఇంక ఎవరూ అయ్యో అనరు. మన పిల్ల మన గోడ మీదే ఉంటుంది.

నా సెలవు అయిపోయింది, ఆఫీసుకి వెళ్తున్నాను.

చెప్పడం మరిచాను. నీలం ఫొటోని మాత్రం ఒక్కరే ఉన్నప్పుడు దగ్గరికెళ్ళి చూడకండి, నేనొచ్చేదాకా ఆగండి. ఆ మూత మీద బుజ్జిదాని పంటిగాట్లున్నాయి.