వంటింటి బల్బు, ఇత్తడి చెంచా

టొంగ్యొంగ్, బుధవారం

అక్కా,

రేపే నా బహిరంగ పాఠం. తల్లిదండ్రులు, పై ఆఫీసు వాళ్లు, వెనక గోడకు కెమెరా. నాలుగో తరగతికి కరెంటు పాఠాన్ని బొమ్మలతో కలిపి చెబుదామన్నది నా ఊహే కాబట్టి, తిప్పలూ నావే. పిల్లలు తమ ఇల్లు గీసి, రాగి టేపు అతికించి, కిటికీలో చిన్న బల్బు వెలిగించాలి. "పాఠం చెప్పకే, నాటకం ఆడించు" అన్నావుగా, రేపటి పాఠాన్నే పిల్లలచేత మూడుసార్లు ఆడించాను. ప్రశ్న అడగ్గానే అందరూ చెయ్యెత్తాలి. తెలిస్తే కుడిచెయ్యి, తెలియకపోతే ఎడమచెయ్యి. కుడిచెయ్యి ఎత్తినవాళ్లనే లేపి జవాబు అడుగుతాను. ఇరవై ఏళ్లుగా నువ్వు చేస్తున్నదే, నవ్వకు.

ఒక్క సొల్బి మాత్రం నా ప్రాణం తీస్తోంది. ఆ పిల్ల, ఆల్చిప్పలు ఒలిచే షెడ్డుకు పనికి వెళ్లే వాళ్ల నాన్నమ్మ, ఇద్దరే ఉంటారు. బొమ్మ ముచ్చటగా ఉంది కానీ వంటింటి బల్బు వెలగదు. అయినా కుడిచెయ్యే ఎత్తుతుంది! "నీది వెలగలేదుగా, ఎడమచెయ్యి ఎత్తు" అంటే, "రేపు వెలుగుతుంది టీచర్" అంది మొండిగా. వైస్ ప్రిన్సిపాల్ తక్ గారు తలుపు దగ్గర నిలబడి, "ఇరవై రెండు కిటికీల్లో ఒక్కటి చీకటైతే అందరి కళ్లూ దానిమీదే పడతాయమ్మా" అనేసి వెళ్లారు.

పిల్లలు వెళ్లాక చూశాను. బొమ్మ కింది అంచున టేపు రెండు వేళ్ల మేర తెగి ఉంది. ఇంతేనా అనుకుని ఓ ముక్క అతికించాను. వెలిగింది. హమ్మయ్య!

నీ మ్యొంజూ

గురువారం

అక్కా,

అందరూ చప్పట్లు కొట్టారు. నాకేమో అన్నం సయించడం లేదు.

సొల్బి వాళ్ల నాన్నమ్మ షెడ్డుకు సెలవు పెట్టి, పండగ బట్టలు కట్టుకుని వచ్చింది. మనవరాలి బల్లమీది బొమ్మ చూసి, చేతిరుమాలులోంచి ఇత్తడి చెంచా తీసింది.

"ఏం టీచరమ్మా, నేనొచ్చేసరికే దీపం పెట్టేశారే! మరి ఈ చెంచా ఎందుకు తెమ్మందో మా పిల్ల?"

అప్పుడర్థమైంది నాకు. టేపులో ఆ ఖాళీ తప్పు కాదక్కా. నాన్నమ్మ తన చెంచా అక్కడ ఆనిస్తేనే వంటింట్లో వెలుగు రావాలి. అంత ఆలోచన చేసింది పదేళ్ల పిల్ల! నేను నేర్పాలనుకున్న పాఠం నాకంటే ముందే నేర్చుకుంది. సొల్బి అతుకు చూసింది, నన్ను చూసింది, చెంచా తీసుకుని జేబులో పెట్టుకుంది. ఆ తర్వాత ప్రతి ప్రశ్నకూ ఎడమచెయ్యే ఎత్తింది. కెమెరా తిరుగుతుంటే నేను తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు.

ఆ వీడియోను మాదిరి పాఠంగా తక్ గారు సోమవారం పై ఆఫీసుకు పంపుతారట. వచ్చే ఏడు ఈ పద్ధతి అన్ని తరగతులకూ పెట్టి, నన్నే బాధ్యురాలిని చేస్తారట. నేను పదేళ్లుగా కోరుకున్నదే. నోరు విప్పితే అది పోతుంది. విప్పకపోతే ఆ పిల్ల ముఖం ఎలా చూడను?

మ్యొంజూ

మంగళవారం

అక్కా,

"ఊరుకోవే పిచ్చిదానా, రేపటికి ఆ పిల్లే మర్చిపోతుంది" అని నువ్వు ఫోనులో అన్న మాట వినలేదు, కోప్పడకు. వీడియో పంపొద్దని చెప్పేశాను. "మీ కాళ్లు మీరే నరుక్కుంటున్నారు" అన్నారు తక్ గారు. నిన్నటి నుంచి మాటల్లేవు. ఆ పదవీ పోయింది. బాధగానే ఉంది, అబద్ధమెందుకు.

ఈరోజు నాన్నమ్మను మళ్లీ రమ్మన్నాను. పిల్లలందరి ముందు చెప్పాను: "సొల్బి బొమ్మను అడక్కుండా ముట్టుకున్నది నేనే. బొమ్మలో తప్పేమీ లేదు. తప్పు నాది."  సొల్బి వచ్చి నా అతుకును తనే గోటితో పీకేసింది. నాన్నమ్మ చెంచా ఆనించింది.

వెలగలేదు.

ముసలావిడ చెంచా తుడిచి మళ్లీ ఆనించింది. అయినా అంతే.  

"ఎందుకు వెలగలేదు?" అన్నాను. ఈసారి నిజంగా తెలియకే అడిగాను. అన్నీ ఎడమచేతులే లేచాయి. నేనూ నా ఎడమచెయ్యి ఎత్తాను. మధ్యలో ఒక్క కుడిచెయ్యి.

"బ్యాటరీ అయిపోయింది టీచర్" అంది సొల్బి. "బుధవారం నుంచి మీరు ఆర్పలేదుగా."

కొత్తది తెచ్చి సొల్బి చేతికే ఇచ్చాను. ఈసారి నేను వేలు పెట్టలేదు.

నీ చెల్లెలు
మ్యొంజూ