మైకులో నీ పేరు

పద్మావతి పిన్నీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఈ కబురు ముందు నీకే చెప్పాలి.

నిన్న ఇక్కడ అమెరికాలో, మా ప్లేనో ఊళ్లో మా హారిక పోల్ డ్యాన్స్ చేసింది. స్టేజి మధ్య నిలబెట్టిన స్టీలు గొట్టం పట్టుకుని ఎక్కుతూ, తిరుగుతూ ఆడతారు. ఒకప్పుడు ఇక్కడ, ఆడవాళ్లు బట్టలు విప్పుతూ ఆడే స్ట్రిప్ క్లబ్బుల్లోనే ఉండేదట. ఇప్పుడు ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు వ్యాయామంగా నేర్చుకుంటున్నారు. నేర్పే ఆవిడకు నా వయసే ఉంటుంది, ఒకప్పుడు అలాంటి క్లబ్బులో ఆడిన మనిషే. "మా రోజుల్లో పాట డీజే ఇష్టం. వీళ్లకైతే పాట కూడా వాళ్లిష్టమే" అంది. నువ్వే గుర్తొచ్చావు. రికార్డింగ్ డ్యాన్సులో జనం ఏ పాటకు ఈలలేస్తే దానికే మళ్లీ ఆడేదానివి. హారిక వయొలిన్ సంగీతం ఎంచుకుంది. ఎవరూ ఈల వేయలేదు, ఊపిరి బిగబట్టి చూశారు.

నిన్ను మైకులో ఎవరో హీరోయిన్ పేరుకు జూనియర్ తగిలించి పిలిచేవారు. ఇంట్లో తాతయ్య నీ పేరే ఎత్తనిచ్చేవాడు కాదు. ఇదంతా హారికకు నేనే చెప్పాను.

డ్యాన్సుకు ముందు "స్టేజి పేరేం పెట్టుకున్నావే?" అని అడిగాను.

"వెయిట్ చెయ్ మమ్మీ, మైకులో వింటావుగా."

"పద్మావతి" అని పిలిచారు.

పక్కన కూర్చున్న మా వీధి లలిత నా వైపు తిరిగింది. "అదేంటండీ, మీ అమ్మాయి హారిక కదా! ఈ పద్మావతెవరు?"

"మా పిన్ని. డ్యాన్సర్" అన్నాను, వెనక వరసకు కూడా వినబడేలా.