తుపాకిమందు డబ్బా గురించి వెర్నాకు

డ్రై ఫోర్క్, మోంటానా
నవంబరు 19

చెల్లెమ్మ వెర్నాకు అన్నయ్య దీవెనలు.

ఇక్కడ నేనూ కుక్కా బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయబోతే పెన్ను సాగలేదు. నీ కొడుకు గారెట్‌కి కన్నొకటి, కుడిచేతి వేళ్ళు రెండు పోయి ఐదు వారాలే అయింది. ఆ ఇంటికి క్షేమం అన్న మాట ఎలా రాయను?

నీ ఉత్తరం మంగళవారం అందింది. మంచు రెండుసార్లు పడింది, గాలి మాత్రం రోజూ ఉంది. గారెట్ ట్రక్కును నా షెడ్డులోకి చేర్చాను, దాని గురించి బెంగపడొద్దను. కట్టెల పొయ్యి రాజేయొచ్చా అని అడిగావు. పొగగొట్టం మూడేళ్ళకోసారి దులిపితే చాలని నీకు చెప్పింది నేనే. అది తప్పు. ఎక్కడో విన్నదాన్ని నా అనుభవంలా చెప్పేశాను. పని తెలిసినవాణ్ణి పిలిచి దులిపించాకే రాజెయ్యి. నీళ్ళ బాయిలరు చప్పుడు చేస్తోందన్నావు. దానికీ మనిషిని పిలువు, నన్ను అడగకు. అన్నయ్యకు జ్వరం తగిలిందేమో అనుకుంటావు. అదేం లేదు.

ఈ ఊళ్ళో సగం మంది కాల్చిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, మళ్ళీ మందు నింపి వాడుకునేవాళ్ళే. ఏ మందు, ఎంత మందు అన్నది ఈ ఓర్లిన్ చెప్పాలి. బ్రేకులూ, బావి మోటారూ, కరెంటు తీగలూ కూడా ఓర్లినే చెప్పాలి. నలభై ఏళ్ళుగా అడిగిన ప్రతివాడికీ ఏదో ఒకటి చెప్పాను. నాకు తెలియదని ఒక్కడితో కూడా అనలేదు.

గారెట్ రైఫిలు వాడి చేతిలోనే బద్దలైన వారం గన్ క్లబ్బులో అందరూ కాఫీ దగ్గర చేరారు.

"ఏమై ఉంటుందంటావు ఓర్లిన్?" అన్నాడు క్లబ్బు పెద్ద మెర్విన్.

"ఇంకేముంది, వాడి ధ్యాస ఇక్కడ ఉంటేగా! ఒకే తొడుగులో రెండుసార్లు మందు పోసుంటాడు," అన్నాను.

అందరూ తలాడించారు. ఆ మాటే మీ ఇంటిదాకా వచ్చింది. నీ పరధ్యానమే నీ కన్ను తీసిందిరా అని వాణ్ణి తిట్టానని రాశావు. అంతటితో ఆపి ఉంటే నేను నోరు మూసుకునే ఉండేవాణ్ణి, నీ దగ్గర దాచను. కానీ వాడు తన చంటి కూతుర్ని ఎత్తుకోవడం లేదని, "నా చేతుల్ని నమ్మొద్దమ్మా, దాన్ని తీసుకెళ్ళు" అంటున్నాడని చివర్లో రాశావు. అది చదివాక ఇక నోరు మూసుకోలేను.

వెర్నా, తప్పు వాడిది కాదు. నాది.

బల్ల మీద ఎప్పుడూ ఒక్క మందు డబ్బానే ఉండాలి, మిగిలిన మందు వెంటనే దాని డబ్బాలోకే తిరిగి పోయాలి. వాడికి ఇది నేర్పింది నేనే. ఆగస్టులో నా బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. ఒకటి రైఫిలుది, మెల్లగా మండే రకం. రెండోది పిస్తోలుది, భగ్గున మండే రకం; రైఫిలు తూటాలో పడితే తుపాకినే చీల్చేస్తుంది. మధ్యలో ఎవరో బ్రేకుల గురించి ఫోన్ చేశారు. గంటసేపు వాళ్ళకు ఉపన్యాసం దంచి వచ్చి, మిగిలిన పిస్తోలు మందును రైఫిలు డబ్బాలో పోశాను. మూత పెడుతుంటే అనుమానం వచ్చింది. అప్పుడే పారబోయాల్సింది. నేను పొరపాటు పడటమేమిటి అనుకున్నాను. అక్టోబరులో, వేటకు పనికొస్తుందని అదే డబ్బా గారెట్ చేతికిచ్చాను.

వాడు మూత తీసి చూశాడు.

"మావయ్యా, ఇందులో రెండు రకాల పలుకులు కనిపిస్తున్నాయేంటి?"

"పాతబడితే అలాగే ఉంటుందిరా. నాకే పాఠం చెప్తావా?"

"అబ్బే, ఊరికే అడిగాలే. నువ్వు చెప్పాక ఇంకేముంది!" అని నవ్వుతూ పట్టుకెళ్ళాడు.

వాడు సరిగ్గానే చూశాడు వెర్నా. నా మాట విని తన కళ్ళను కాదనుకున్నాడు. మూడో తూటాకే రైఫిలు వాడి చేతిలో బద్దలైంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. రెండుసార్లు పోశాడని నేనన్నది తెలియక అన్నది కాదు. ఆ తొడుగులో ఆ మందు రెండింతలు పట్టదు. ఆ సంగతి తెలిసే అన్నాను. నా పరువు కాపాడుకోవడానికి, ఆసుపత్రి మంచం మీదున్న మేనల్లుడి మీదికి తప్పును తోసేశాను.

నిన్న షెరీఫుకు అంతా కాగితం మీద రాసిచ్చి, డబ్బా అప్పగించాను. శనివారం క్లబ్బులో అందరి ముందూ చెప్తాను. నువ్వు క్షమిస్తావని రాయడం లేదు. నీ స్థానంలో ఉంటే నేను క్షమించను.

ఈ కవరులో ఒక ఖాళీ తొడుగూ, వాడు మందు కొలిచే చెంచానూ పెట్టాను. వాడి ముందు బల్ల మీద పెట్టి, ఎడమచేత్తో ఉప్పు పోయమను. ఒక చెంచా పడుతుంది. రెండోది పొంగి బల్లంతా పోతుంది. అది వాడు తన కంటితో చూడాలి. నువ్వు తుడిచే గుడ్డ కోసం లేవకు. ముందు చంటిదాన్ని తెచ్చి వాడి ఒళ్ళో పెట్టు.

ఇట్లు,
గారెట్ మేనమామ
ఓర్లిన్